ఏ పనికీ పనికిరాని ఆల్బమ్

ఆ వీధిలో ఎవరి కోటైనా భుజాల దగ్గర చక్కగా కూర్చుందంటే, అది ర్యాప్ పాటల మధ్య కుట్టిన కోటని చూడకుండానే చెప్పొచ్చు. మూలమీది కుట్టుషాపు మాస్టారికి పొద్దున్నే తలుపు తీయగానే రెండు పనులు. మిషన్‌కి దణ్ణం పెట్టుకుని, "ఇవాళ ఎవరి ఒంటిమీదా నా కుట్టు గుచ్చుకోకుండా చూడు స్వామీ" అనుకోవడం ఒకటి. అలమరలోంచి ఒక సీడీ తీసి పెట్టడం రెండోది.

ఆ సీడీలు ఆయన కొన్నవి కావు. పక్కనున్న పాటల కొట్టు మూసేసినప్పుడు, ఆ కొట్టాయన ఎవరూ కొనని డబ్బా ఒకటి మోసుకొచ్చి, "పారెయ్యడానికి మనసొప్పలేదు మాస్టారూ, మీ మిషన్ చప్పుడుకి తోడుంటాయి" అని బల్లమీద పెట్టి వెళ్ళాడు. అన్నీ ఎక్కడెక్కడి భాషల్లోనో ఉన్న హిప్‌హాప్ ఆల్బమ్‌లు. మాస్టారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ దరువుకి కాలు దానంతటదే పెడలు మీద ఆడింది. ఇక అప్పట్నుంచీ ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కో పని అప్పగించారు. పేర్లు చదవడం రాదు కనక అట్టమీది బొమ్మే పేరు.

"ఎర్రకారు వాడున్నాడే, వాడు ప్యాంటు పొడుగుకుట్లకి. అంతా ఉరుకులూ పరుగులే. బొత్తాం కాజాల దగ్గర పెట్టామా, వేలు తెగడం ఖాయం" అనేవారు వచ్చినవాళ్ళతో. "వానబొమ్మ ఆల్బమ్ మంచిదే గానీ సగంలో ఆపెయ్యాలి. మిగతా సగం, వెళ్ళొస్తానని లేచిన చుట్టం గుమ్మంలో నిలబడి కబుర్లాడినట్టు. టోపీవాడు పొద్దస్తమానం తన గొప్పలే. భాష రాకపోయినా గుండె చరుచుకోవడం వినిపిస్తుందిగా! అయితేనేం, ఆ దరువు కోసం వాడి పాపాలన్నీ క్షమించొచ్చు."

అన్నిట్లోకీ ఇష్టమైంది ముసలమ్మ బొమ్మ ఆల్బమ్. చివరి పాటలో, పాడే కుర్రాడు గొంతు తగ్గించి ఏదో అంటాడు. వాళ్ళ మామ్మకి దణ్ణం పెట్టుకుంటున్నాడని మాస్టారి నమ్మకం. చేతికుట్టు పని ఏదైనా ఆ పాట కిందే.

"మాటే తెలియనప్పుడు మామ్మ ఎలా తెలిసిందండీ?" అని ఇంటావిడ ఎకసెక్కం.

"నువ్వు గిన్నె కిందపెట్టే చప్పుడుని బట్టి నీ కోపం తెలియట్లేదూ? ఇదీ అంతే."

పాలవ్యాను నడిపే మేనకోడలికి ఇంట్లో పేరు వసపిట్ట. చిన్నప్పుడు వాళ్ళమ్మ పనికి వెళ్తూ దాన్ని షాపులో దింపి పోయేది. బల్లకింద గుడ్డపీలికల మీద పడుకుని ఈ పాటలన్నీ వింటూనే పెరిగింది. ఇప్పుడు వ్యాను తోలుతూ మాటలు అల్లి, గోడలకి దుప్పట్లు కట్టుకున్న గదిలో పాడి, తనూ ఓ ఆల్బమ్ తయారుచేసింది. ఒకరోజు పొద్దున పాలప్యాకెట్లతో పాటు ఆ సీడీ కూడా బల్లమీద పెట్టింది.

"మామయ్యా, ఇంకా ఎవరికీ వినిపించలేదు. ఇది ఏ పనికి పనికొస్తుందో నువ్వే చెప్పు. సాయంత్రం వస్తా. బాలేదంటే చెరిపేస్తా. మొహమాటపడ్డావంటే నామీద ఒట్టే."

"అదేం మాటే! నీకు మేనమామని."

"అందుకేగా ఒట్టు పెట్టింది!"

అది వెళ్ళాక మాస్టారు సీడీని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎన్నాళ్ళ కష్టమో అది. తన నోట వచ్చే ఒక్క మాటతో పోతుంది.

"బాగుందనేస్తే పోలా?" అంది ఇంటావిడ.

"బిగుతైన కోటు తొడిగి, వదులుగానే ఉందని పంపిస్తానా? ఊపిరాడక తిరిగొచ్చేది ఆ మనిషే కదా."

ఆ రోజు చేతిలో ఉన్నది కండక్టరు గారి కోటు. మర్నాడే ఆయన పదవీ విరమణ సభ. చేతులు తగిలించడం ఒక్కటే మిగిలింది. మాస్టారు మిషన్‌కి ఇంకోసారి దణ్ణం పెట్టి, సీడీ వేశారు.

మొదటి పాట పరవాలేదు. రెండోదాంట్లో టోపీవాడి గాలి సోకింది. మూడోది బాగానే నడిచింది. నాలుగోది గుమ్మంలో చుట్టం. 'ఏం చెప్పను దేవుడా' అనుకుంటూ మాస్టారు కోటు చెయ్యి ఒకటి తీసి చంక దగ్గర అమర్చారు. అయిదో పాట మొదలయింది.

ఎక్కడో పెడలు కిర్రుమంది. మిషన్ గబగబా నడిచి, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ నడిచింది. మాస్టారు కాలు ఆపారు. మిషన్ ఆగలేదు! వంగి పట్టీ చూశారు. చక్రం పట్టుకున్నారు. చప్పుడు మాత్రం సాగుతూనే ఉంది. అప్పుడు తెలిసింది, అది పాటలోంచి వస్తోంది. తన మిషన్ చప్పుడునే ఎప్పుడో చాటుగా రికార్డు చేసి పట్టుకెళ్ళి దరువు చేసుకుంది పిల్ల.

ఆ దరువు మీద తన భాషలో, తనకి ప్రతి ముక్కా తెలిసేలా, బల్లకింద నుంచి చూస్తే లోకం ఎలా ఉంటుందో చెబుతోంది. రాలిపడే దారపు ముక్కలు. మిషన్ మీద ఆడే పాదం. ఏడిస్తే పైనుంచి దిగే చెయ్యి, అందులో రంగు బొత్తాం.

"ఏమేవ్, ఇలా రా!" అని ఇంటావిడని కేక వేశారు మాస్టారు. ఇద్దరూ ఆ పాట మళ్ళీ విన్నారు, మళ్ళీ విన్నారు. ఆ మధ్యలో కోటు చేతులు రెండూ కుట్టడం కూడా అయిపోయింది.

సాయంత్రం కండక్టరు గారు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డారు. రెండు చేతులూ వెనక్కి లాగుతున్నాయి. ముందుకి తెస్తే భుజం ముడుచుకుంటోంది. కుడిచెయ్యి ఎడమకీ, ఎడమచెయ్యి కుడికీ కుట్టేశారు మాస్టారు!

"ఏం మాస్టారూ, రిటైరయ్యాక కూడా వెనక సీట్లవాళ్ళకి టికెట్లు ఇమ్మంటారా?"

మాస్టారు సిగ్గుతో నాలిక కరుచుకున్నారు. సరిగ్గా అప్పుడే వసపిట్ట వ్యాను ఆపి గుమ్మంలోకొచ్చింది. లోపలికి మాత్రం రాలేదు.

"విన్నావా మామయ్యా?"

"విన్నా. రెండో పాట తీసెయ్. నీకు గొప్పలు నప్పవు. నాలుగోది సగానికి కత్తిరించు."

పిల్ల మొహం చిన్నబోయింది. "మరి అయిదోది?"

జవాబుగా మాస్టారు కండక్టరు గారి భుజాలు పట్టుకుని దాని వైపు తిప్పారు. వెనక్కి విరిగిన ఆ చేతులు చూసి అది నోరెళ్ళబెట్టింది. బల్లకింద పెరిగిన పిల్ల, దానికి వేరే చెప్పాలా! "చేతులు మార్చేశావా? నువ్వా?" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"వీరు కోటుచేతులు తారుమారు చేసేంత పాటంటే, అదేదో నాకూ వినిపించండి" అని కండక్టరు గారు ఆ కోటుతోనే కూర్చున్నారు. "రాత్రి భోజనం వేళకి సరిచేసి ఇద్దురుగాని, తొందరేం లేదు." అలాంటి మనుషుల్ని దేవుడు చల్లగా చూడాలి.

"ఇంతకీ ఏ పనికి పనికొస్తుందో చెప్పలేదు" అంది వసపిట్ట, బల్లకింద తన పాత చోట్లో చతికిలబడుతూ.

"దేనికీ పనికిరాదే తల్లీ. అది పెడితే పని సాగదు. కూర్చుని వినాల్సిందే" అని, మాస్టారు కత్తెర పక్కనపెట్టి ఆ పాట మళ్ళీ వేశారు.