మా మావ చెప్పని సాకు

మా మావ పోయాడు. మొన్న మంగళవారం తెల్లారేసరికి అమ్మ ఫోన్ చేసింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఎక్కువసేపు ఉండలేదట. అమ్మకు ఆయన ఒక్కడే తమ్ముడు. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆళ్లకి ఎవులు సెప్తారే?" అని అడిగింది.

ఆళ్లంటే, మా మావ చేతిలో చనిపోయిన మనిషి ఇంటివాళ్లు. మా ఊళ్లోనే అవతలి వీధిలో ఉంటారు. నేనే చెప్తానన్నాను. బస్సు దిగి ముందు అక్కడికే వెళ్లాను. చనిపోయినాయన భార్య వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. నేను చెప్పింది విని తలూపి, మళ్లీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది. నేను ఇంటికొచ్చేశాను.

ఒక మనిషిని చంపినవాడి గురించి ఇలా రాయవచ్చా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. అయినా మనిషి తప్పెలా చేస్తాడో నాకు తెలిసిన కాస్తా ఆయన దగ్గర తెలుసుకున్నదే. అందుకే రాస్తున్నాను.

మాది సముద్రం ఒడ్డు ఊరు. అందరిదీ వేట మీద బతుకే. మావ, చనిపోయినాయన చిన్నప్పట్నుంచి ఒకే పడవలో తిరిగినవాళ్లు, వరసకు బావా బావమరుదులు. తర్వాత ఎవరి పడవ వాళ్లది అయింది. ఒడ్డున పడవ నిలిపే జాగా దగ్గర తగాదా వచ్చింది. నలుగురిలో ఆ చనిపోయినాయన మా తాతను ఎత్తి ఒక మాట అన్నాడు. ఆ రోజే మావ ఆయన్ని తెడ్డుతో కొట్టాడు. మళ్లీ లేవలేదు. అప్పటికి నేను చంటిపిల్లను.

కోర్టులో లాయరు క్షణికావేశం అన్నాడు. ఊళ్లోవాళ్లు తాగి ఉన్నాడన్నారు. అమ్మ గ్రహచారం అంది. మావ ఏమీ అనలేదు. జైలు నుంచి వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను. తల నెరిసిపోయిన మనిషి సంచి పట్టుకుని గుమ్మం బయటే నిలబడిపోతే, అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది.

ఆ తర్వాత ఆయన సముద్రం మీదికి పోలేదు. మా అరుగు మీద కూర్చుని వలలు బాగుచేసేవాడు. ఎవరైనా పోట్లాడుకుంటూ అటొస్తే, తగువేమిటని అడిగేవాడు కాదు. "ముందు కూకోండి" అనేవాడు. కూర్చునేదాకా వదిలేవాడు కాదు. టీవీలో ఎక్కడిదో హత్య వార్త వస్తే అమ్మ గబుక్కున మార్చబోయేది. "ఉండనీ అప్పా" అని అక్కను ఆపేవాడు. చివరిదాకా చూసి, "ఆడెలాటోడో సెప్పేరు. అంతకు ముందు పూట ఏటి సేసేడో సెప్పరేటి?" అనేవాడు. అది నాకు చాలాకాలం అర్థం కాలేదు.

నేను టీచరునయ్యాక ఒకసారి దసరా సెలవులకు ఇంటికొచ్చాను. మా తమ్ముడు అప్పటికి సొంతంగా వేటకు పోతున్నాడు. ఆ రోజు వాడు ఒడ్డునుంచి తెగిన వల భుజాన వేసుకొచ్చాడు. కోసింది ఎవరో వాడే చెప్పాడు. చనిపోయినాయన కొడుకు. ఒడ్డున అందరి ముందూ ఇద్దరికీ పెద్ద మాటలయ్యాయట.

కాసేపు అరిచి తమ్ముడు చల్లబడ్డాడు. కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. కోపం తగ్గిందని అమ్మ ఊపిరి పీల్చుకుంది. వాడు మారు వడ్డించుకున్నాడు కూడా. అరుగు మీద మావ చేతిలో వల కదలడం ఆగిపోయింది. కిటికీలోంచి వాడి కంచం వైపే చూస్తున్నాడు.

తమ్ముడు చెయ్యి కడుక్కుని, గోడకున్న చేపల కత్తి తీసి నడుముకు దోపుకున్నాడు. గుమ్మం దగ్గరకొచ్చేసరికి మావ అక్కడ అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

"అన్నం తిన్నావురా?"

"తిన్నాను. లెగు మావా."

"నానూ తిన్నాను, ఆ రోజు."

ఆయన తల వంచుకుని చెప్పాడు. తగాదా అయ్యాక ఇంటికొచ్చాడట. అమ్మమ్మ చేపల పులుసుతో అన్నం పెడితే కడుపునిండా తిన్నాడట. ఆ తర్వాతే తెడ్డు తీసుకుని వెనక్కి వెళ్లాడు.

"కోపంలో సేసేడని లాయరు సెప్తే ఊరుకున్నాను. కోపం దార్లోనే పోనాది. తినీటప్పుడు నాకున్నది బయ్యం. ఊరుకుంటే నలుగురూ నవ్వుతారని. తెడ్డు అట్టుకొని ఎల్తంటే ఇంట్లో అందరూ సూసేరు. బెదిరించీసి వచ్చీస్తాడనుకున్నారు."

ఆ రోజు చూసినవాళ్లలో అమ్మ కూడా ఉంది.

"ఆడు కావాలనే కోసేడు మావా" అన్నాడు తమ్ముడు. చెయ్యి కత్తి మీదే ఉంది.

"కోసేడేమో. కూకో."

వాడు నిలబడే ఉన్నాడు. మావ కాళ్లు దాటితే వీధి. ఒక కాలు ఎత్తాడు కూడా. మావ ఆపలేదు, పట్టుకోలేదు, వాడి మొహంలోకి చూస్తూ ఉన్నాడంతే. చాలాసేపటికి వాడు అక్కడే గుమ్మం పక్కన చతికిలబడ్డాడు. అమ్మను వాడి పక్కన కూర్చోమని మావ లేచాడు. చెప్పుల్లేకుండా అవతలి వీధి వైపు నడిచాడు. జైలు నుంచి వచ్చాక ఆ వీధిలో ఆయన అడుగు పెట్టడం నేను చూడలేదు. భయమేసి వెనకే వెళ్లాను.

చనిపోయినాయన ఇంటి ముందు ఆగేసరికి ఆవిడ బయటికొచ్చి చూసి నిలబడిపోయింది. లోపల్నుంచి కొడుకు వచ్చాడు. తండ్రిని చంపిన మనిషి వాకిట్లో ఉన్నాడు. వాడు ముందుకు రాబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

ఒకప్పుడు మావ ఆవిడను సెల్లీ అని పిలిచేవాడట. ఆ రోజు, "అమ్మా, మా వోడు తిన్నగా లేడు. మీ వోడిని ఈయేళ ఒడ్డుకి పంపొద్దు" అన్నాడు.

ఆవిడ ఆయన్ని నిలువునా చూసింది. "ఆ రోజు మీ ఇంట్లోంచి ఒకులు వచ్చి ఈ మాట సెప్పుంటే?" అంది.

మావ వినాల్సింది విన్నట్టు నిలబడ్డాడు. ఆవిడ కొడుకును లోపలికి తీసుకెళ్లి తలుపేసింది.

మర్నాడు పెద్దలు కూర్చున్నారు. నీళ్లలో రెండు వలలూ చిక్కుపడితే తన వల దక్కించుకోడానికి తమ్ముడిది కోశానని ఆ కుర్రాడు ఒప్పుకున్నాడు. తెగినంత మేరా అల్లి ఇచ్చాడు. రెండిళ్లకూ స్నేహమేమీ కుదరలేదు. ఎదురుపడితే ఇప్పటికీ చూపులు తిప్పుకుంటారు. కానీ ఇద్దరూ బతికున్నారు.

ఆ సాయంత్రం మావను అడిగాను, ఇన్నేళ్లూ ఆ సంగతి ఎందుకు చెప్పలేదని. "సెప్తే మీ అమ్మ నన్ను ఇంట్లో ఉంచుతాదా అనీసి" అన్నాడు. మళ్లీ వల మీదికి వంగి, "అదీ బయ్యమే" అన్నాడు. ఇప్పుడు నా క్లాసులో పిల్లలు కొట్టుకుంటే ముందు ఇద్దరినీ కూర్చోబెడతాను. కోపంతో అరిచేవాడి కంటే నిమ్మళించినట్టు కనిపించేవాడిని ఎక్కువసేపు గమనిస్తాను.

మా ఊళ్లో ఎవరైనా పోతే ఆ రోజు ఎవరూ వేటకు వెళ్లరు. మావ విషయంలో ఆ కట్టుబాటు పాటిస్తారో లేదోనని అమ్మ లోలోపల కుమిలింది. పాడె మోసుకుని ఇసుకలోకి దిగేసరికి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. చివర ఒక పడవ, ఇంజిను మీద పట్టా కప్పి ఉంది. దాని అంచున, అప్పుడు వల కోసిన ఆ కుర్రాడు మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పాడె దాటిపోయేదాకా తల తిప్పలేదు. ఆటుకు నీళ్లు వెనక్కి తగ్గాయి, వేటకు మంచి అదను. వాడు అలాగే సముద్రం వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు.