అడిగినంత సాక్ష్యం

పెద్దకోడలి కుడిచెయ్యి దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ల మధ్య నలిగిపోయి మూడో ఏడు నడుస్తోంది. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆమే, తోడికోడలూ ఒకే రోలరు దగ్గర పనిచేసేవారు. వేళ్లు లోపలికి పోకుండా రోలరు ముందు ఇనుప అడ్డకమ్మీ ఉండేది. దానికి గుడ్డ తట్టుకుని పని సాగడం లేదని సూపర్‌వైజరు తీయించేశాడు. ఆ వారంలోనే చెయ్యి పోయింది. "కమ్మీ ఆవిడే పీకేసుకుంటే మాకేం తెలుసు?" అంటూ యజమాని తప్పుకున్నాడు.

కళ్లారా చూసింది తోడికోడలొక్కతే. వాళ్లిద్దరికీ ఉప్పూ నిప్పూ. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు గిన్నెల పంపకం దగ్గర మొదలైన గొడవతో మాటలు ఆగిపోయాయి. ప్రమాదం జరిగిన కొన్నాళ్లకు చిన్నవాళ్లు కాపురం వేరే రాష్ట్రానికి మార్చేశారు.

"అంతదూరం నుంచి ఆవిణ్ని రమ్మని మన కోర్టు బలవంతపెట్టలేదమ్మా," అన్నాడు పరిహారం కోసం పెద్దకోడలి తరఫున దావా వేసిన లాయరు. "అక్కడి లాయరునొకర్ని కోర్టు తరఫున కమిషనరుగా వేయించి, ఆవిడున్న ఊళ్లోనే సాక్ష్యం రాయిద్దాం. నేను ప్రశ్నలు రాసి పంపిస్తా."

"మీరు రారాండీ?"

"దేనికమ్మా? కావాలంటే నువ్వెళ్లి కూర్చో."

పాత కక్ష మనసులో పెట్టుకుంటుందేమోనని రైల్లో ఉన్నంతసేపూ ఆమె భయపడుతూనే ఉంది. తీరా వెళ్లేసరికి తోడికోడలు వాకిట్లోనే నిలబడి ఉంది. ఆ చెయ్యి చూసి భోరుమంది. "నేనున్నాగా అక్కా, జరిగిందంతా చెప్తాను," అంది.

కమిషనరు గది ఒక జిరాక్సు కొట్టు మీద ఉంది. లాండ్రీ తరఫు లాయరు ముందే వచ్చి ఫ్యాను కింద కుర్చీ చూసుకున్నాడు. కమిషనరు కాగితం తీసి చదివాడు. ఆ రోజు కమ్మీ లేదా? లేదు. చెయ్యి నలగడం చూశావా? చూశాను. అంతే, ప్రశ్నలైపోయాయి. కమ్మీ తీయమన్నదెవరన్న ప్రశ్న రాయడం పెద్దకోడలి లాయరు మరిచిపోయాడు.

అవతలి లాయరు మాత్రం తీరిగ్గా లేచాడు. "బోల్టులు విప్పిందెవరమ్మా?"

"సూపర్‌వైజరు విప్పమంటేనే..."

"ఎవరు చెప్పారని కాదు. విప్పిన చెయ్యి ఎవరిది?"

తోడికోడలు బిక్కచచ్చి పెద్దకోడలి వంక చూసింది. "అక్కదే. కానీ విప్పకపోతే పనిలోంచి తీసేస్తానని ఆయన..."

"అడిగినదానికి చెప్పు, చాలు," అన్నాడు కమిషనరు. కమ్మీ విప్పినది వాదియే అని టైపు చేసే అమ్మాయి టకటకా కొట్టేసింది.

పెద్దకోడలు కుర్చీలోంచి లేచింది. "దాన్ని పూర్తిగా చెప్పనివ్వండి బాబూ!"

"నువ్వు మాట్లాడకూడదమ్మా. నీ లాయరేడీ?"

ఆమె మళ్లీ కూలబడింది.

మెట్లు దిగుతుంటే తోడికోడలు వెనకాలే వచ్చింది. "నేను నిజమే చెప్పానక్కా."

"చెప్పావే. వాళ్లు అడిగినంతవరకూ చెప్పావు."

ఆ మాటకు తోడికోడలు మొహం వాడిపోయింది. అన్నాక పెద్దకోడలికీ మనసు చివుక్కుమంది గానీ, నోరు దాటిన మాట వెనక్కెక్కడ వస్తుంది?

చేతులారా చేసుకున్నదేనని తేల్చి కోర్టు దావా కొట్టేసింది. "మీ తోడికోడలు అలా చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు లాయరు.

"ఆవిడ చెప్పబోయింది. అడగాల్సినవాళ్లే అడగలేదు."

లాయరు వినపడనట్టు తర్వాతి మనిషిని లోపలికి పిలిచాడు.

తోడికోడలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటుంది. "కేసు ఏమైందక్కా?"

"మళ్లీ వాయిదా పడిందే."

"పడనీ అక్కా. ఈసారి పిలిస్తే ఎవరు కసిరినా ఆగను, అంతా చెప్పేస్తాను."

"అలాగేలే," అని పెద్దకోడలు ఎడమచేత్తో ఫోన్ పెట్టేస్తుంది.