సంఘం రాయని ఉత్తరం

చాంద్ సుల్తానాకు నార ఏదో తెలియడానికి కళ్ళు అక్కర్లేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపితే చాలు, ఇది గోగునార, ఇది కొబ్బరిపీచు, ఇది జనుము అని చెప్పేస్తుంది. ఆ విద్య భర్త మొహియుద్దీన్ నేర్పినది. విశాఖపట్నం వన్ టౌన్ సందులో ఆయనకు తాళ్ళ దుకాణం ఉండేది. పడవలవాళ్ళు, టెంట్ హౌస్‌లవాళ్ళు, పోర్టు కాంట్రాక్టర్లు అక్కడికే వచ్చేవారు.

ఆరేళ్ళ క్రితం గుండెపోటుతో ఆయన పోయాడు. పిల్లలు లేరు. ఇక దుకాణం ఎవరికోసం అన్నారు చుట్టాలు. భర్త పోయిన ఆడది గడప దాటకుండా పాటించే ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ ఆమె ఇంట్లో కూర్చుంది. ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి షట్టరు ఎత్తింది.

తాళ్ళు, నార వర్తకుల సంఘానికి మొహియుద్దీన్ పద్దెనిమిదేళ్ళు కార్యదర్శి. ఎవరి లారీ ఎక్కడ ఆగినా, ఏ ఆఫీసులో ఏ కాగితం అడిగినా, సంఘం లెటర్‌హెడ్ మీద ఆయనే ఉత్తరం రాసేవాడు. 'ఈయన మా సభ్యుడు, ఈ సరుకు ఫలానా, దీనికి మేము పూచీ' అని మూడు ముక్కలు. ఆయన పోయాక ఆ సభ్యత్వం సుల్తానాకు వచ్చింది. నలభై మంది మగవాళ్ళలో ఆమె ఒక్కతే ఆడమనిషి. నెలకోసారి మీటింగుకు వెళ్ళి, తలుపు పక్క కుర్చీలో కూర్చుని, టీ తాగి వచ్చేసేది. ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. అయినా ఏ నెలా మానలేదు. ఆ గంటసేపూ చుట్టూ మనుషుల మాటలు వినబడేవి.

నైలాను వచ్చాక నారతాళ్ళు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. అలాంటి రోజుల్లో, గోడకు వేలాడదీసే అల్లికలు చేసే ఒకమ్మాయి వచ్చి హెంప్ దారం ఉందా అని అడిగింది. సుల్తానా ఆ పేరు వినలేదు. ఉత్తరాఖండ్ కొండల్లో ఒక మహిళా సంఘం దాన్ని వడుకుతుందని తెలుసుకుని నమూనా తెప్పించింది. వేళ్ళ మధ్య నలిపింది. గోగునార కంటే నున్నగా ఉంది, జనుము కంటే గట్టిగా ఉంది. అది గంజాయి జాతి మొక్క కాడ నుంచి తీసిన నార అనీ, కాడలో మత్తు ఉండదనీ, చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత మాత్రమే అనీ వాళ్ళు పంపిన కాగితంలో రాసి ఉంది. దుకాణం వెనకున్న పాత యంత్రం మీద ఆ నూలును పేని పురికొస చేసింది. అల్లికలవాళ్ళు కొన్నారు, నర్సరీలవాళ్ళు కొన్నారు. చాలా ఏళ్ళకు ఆమె చేతికి కొత్త నార దొరికింది.

నాలుగోసారి వచ్చిన సరుకు ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దాటి రాలేదు. మూటల మీద లేబుల్లో ఆ మొక్క ఆకు బొమ్మ ఉంది. ఏజెన్సీ కొండల నుంచి దిగే గంజాయి కోసం రోజూ తనిఖీలు జరిగే ఊరు ఇది. ఎవరో చూసి ఫోన్ చేశారు. మధ్యాహ్నం పోలీసులు దుకాణానికి వచ్చారు. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. "ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా సరుకు మా దగ్గరే ఉంటుందమ్మా. ఇది ఏటో, ఏటి కాదో సెప్పే కాయితం ఏదైనా ఉంటే తెండి. మీ సంఘం ఉత్తరం తెచ్చినా సరే" అన్నాడు.

ఆయన జీపెక్కేలోపే సందులో ఎవరో ఫోటో తీశారు. సాయంత్రానికి అది ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది, 'వన్ టౌన్‌లో గంజాయి తాళ్ళు' అన్న మాటతో.

సంఘం అధ్యక్షుడు గురునాథరావు ఆమె భర్తకు స్నేహితుడు. మర్నాడు ఆమె వాళ్ళింటికి వెళ్ళింది.

"అన్నయ్యగారూ, ఒక్క ఉత్తరం సాలు. నాను సంఘం మెంబర్నని, నాను తెప్పించింది నారేనని రాయండి."

ఆయన కుర్చీ చూపించాడు. "నువ్వు తప్పు సేసావని నానంటన్నానేటమ్మా? మొహియుద్దీన్ బావ ఇల్లాలివి, నువ్వేటో నాకు తెల్దా? కానీ గంజాయన్న మాట పక్కన మా సంఘం పేరు పడితే, రేపు మిగిలినోళ్ళ లారీలన్నీ ఆపుతారు. నాను అందరికీ జవాబు సెప్పుకోవాలి."

"అందరిలో నాను లేనా?"

ఆయన మంచినీళ్ళ కోసం లోపలికి కేకేశాడు. లోపలి నుంచి ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. సుల్తానా తాగకుండానే లేచింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఎవరూ లేరు. పొద్దున సలాం చెప్పి వెళ్ళే పక్క దుకాణం ఆసిమ్ ఫోన్ చూసుకుంటూ నడిచిపోయేవాడు. టెంట్ హౌస్ సాయిశంకర్ తాళ్ళు మరోచోట కొన్నాడు. ఆడబిడ్డ కూతురు పెళ్ళి శుభలేఖ షట్టరు కింద నుంచి లోపలికి తోసి వెళ్ళారు. ఒకరోజు ఆమె మధ్యాహ్నం దాకా కూర్చుని చూసింది. ఒక్కరు కూడా ఆ గడప ఎక్కలేదు. తన గొంతు పనిచేస్తుందో లేదో చూసుకోవడానికన్నట్టు గట్టిగా "యా అల్లా" అంది.

ఉత్తరాఖండ్ వాళ్ళకు ఫోన్ చేస్తే, దేశం మొత్తానికి హెంప్ ఉత్పత్తిదారుల సంఘం ఒకటి ఉందని చెప్పి, బెంగళూరులో దాని ఆఫీసు నంబరు ఇచ్చారు. ఫోన్ ఎత్తిన అమ్మాయి పేరు ఆశ. సుల్తానా వచ్చీరాని హిందీలో సగం చెప్పేసరికి, "అమ్మా, మీది వైజాగా? నాది విజయనగరం. తెలుగులో సెప్పండి" అంది.

సుల్తానా మొదట అన్న మాట, "నాను మీ మెంబర్ని కాదమ్మా."

"పర్లేదండీ. ఇలాటి ఫోన్లు వారానికి నాలుగొస్తాయి. మా సంఘం పెట్టిందే ఇందుకు."

రెండు రోజుల్లో కాగితాలు వచ్చాయి. చట్టంలో నార, గింజల గురించి ఉన్న వాక్యం, ఆ నూలుకు ముందే చేయించిన పరీక్ష రిపోర్టు, ఎస్సై పేరున తెలుగులో రాసిన ఉత్తరం. ఆశ స్టేషన్‌కు తనే ఫోన్ చేసి మాట్లాడింది. ఇకమీదట లేబుల్ మీద ఆకు బొమ్మ వేయొద్దని కొండల్లో వాళ్ళకూ చెప్పింది. సరుకు ఆపిన నలభై ఒకటో రోజున ల్యాబ్ నుంచి మత్తు పదార్థం లేదని తేలింది, సరుకు ఇచ్చేశారు. వానలో తడిసిన రెండు మూటలు బూజు పట్టాయి. మిగిలినవి బాగానే ఉన్నాయి.

ఆ నెల మీటింగుకు సుల్తానా వెళ్ళింది. "సరుకొచ్చేసింది కదమ్మా, మరిసిపో" అన్నాడు గురునాథరావు. ఆమె లేచి నిలబడింది. ఆరేళ్ళలో ఆ హాల్లో ఆమె మాట్లాడడం అదే మొదటిసారి. మన నారల పట్టీలో హెంప్ కూడా రాయాలని, రేపు ఇంకెవరైనా తెప్పిస్తే వాళ్ళకు ఉత్తరం ఇవ్వాలని అడిగింది. బలపరిచేవాళ్ళు ఎవరని అధ్యక్షుడు అడిగాడు. ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఆమె కూర్చుంది. మీటింగు అయిపోయేదాకా ఉండి, అందరితోపాటే మెట్లు దిగింది. మరుసటి నెల నుంచి వెళ్ళలేదు.

సుల్తానా ఆశ వాళ్ళ సంఘంలో చేరింది. ఈ చుట్టుపక్కల జిల్లాలకు ఆమె ఒక్కతే సభ్యురాలు. కొన్నాళ్ళకు ఆనందపురం నుంచి సుందర్ రాజ్ అనే అతను, ఆశ నంబరిచ్చిందని ఫోన్ చేశాడు. హెంప్ గింజల నూనెతో సబ్బులు చేస్తాడు, కొరియర్ ఆఫీసులో అతని పార్సిల్‌ను పోలీసులు ఆపేశారు. సుల్తానా దుకాణం మూసి రెండు బస్సులు మారి వెళ్ళింది. అక్కడి స్టేషన్‌లో కాగితాలు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టి, ఎస్సై ముందు తను నేర్చుకున్న మాటలే చెప్పింది. పార్సిల్ వదిలేశారు.

బయటికొచ్చాక సుందర్ రాజ్ దణ్ణం పెట్టాడు. తర్వాత కాస్త ఇబ్బందిగా, "అమ్మా, ఏటీ అనుకోకండి. మీ దుకాణానికి రమ్మని మాత్రం పిలవకండి. ఆదివారం మా సర్చికొచ్చేవోళ్ళు ఆ ఫోటో సూసారు" అన్నాడు.

"పర్లేదు బాబూ. మళ్ళీ ఆపితే ఫోన్ సెయ్" అంది సుల్తానా.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఊరొచ్చేదాకా తోటలూ, గోడౌన్లూ చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు. వస్తుందనుకుంది.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి గురువారం పదకొండింటికి ఆమె ఫోన్లో ఆశ వాళ్ళ సంఘం మీటింగు జరుగుతుంది. హిమాచల్ నుంచి, ఒడిశా నుంచి ముప్ఫై గొంతులు మాట్లాడతాయి. ఆమెకు సగం అర్థం కాదు. ఫోన్‌ను పురికొస ఉండలకు ఆనించి, యంత్రం ఆపి వింటుంది. ఆశ ఒక్కొక్క ఊరి పేరే పిలుస్తుంది. విశాఖపట్నం అన్నప్పుడు, ఉన్నానమ్మా అంటుంది సుల్తానా.