బావగారి బలం ఒకటి

బావగారికి ఉన్నది ఒకటే పిచ్చి. ఆటలో ఎన్ని పాయింట్లు చేతికొచ్చినా అన్నీ తీసుకెళ్ళి ఓర్పు మీదే పోసేస్తారు.

అది కోటలూ రాక్షసులూ మంత్రాలూ ఉన్న కంప్యూటర్ ఆట. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా అయిదు పాయింట్లిస్తారు. వాటిని బలం, వేగం, తెలివి, అదృష్టం, ఓర్పు అనే గళ్ళలో మనిష్టమొచ్చినట్టు పెట్టుకోవచ్చు. బలం పెంచితే దెబ్బ గట్టిగా పడుతుంది. తెలివి పెంచితే మంత్రం పారుతుంది. ఓర్పు పెంచితే ఎన్ని తన్నులు తిన్నా ప్రాణం పోదు. కాస్త బుద్ధున్నవాళ్ళెవరైనా అటిన్నీ ఇటిన్నీ పంచుకుంటారు. బావగారు మాత్రం అరవై మెట్లెక్కి, మూడు వందల పాయింట్లు సంపాదించి, ఓర్పు మూడు వందల ఒకటి చేసుకుని కూర్చున్నారు. బలం ఒకటి. ఆ ఒకటీ పుట్టినప్పుడు ఆటవాళ్ళు ఊరికే ఇచ్చింది.

"మరీ ఒకటేమిటి బావగారూ! గుహలో ఎలక్కి కూడా నాలుగుంటుంది" అని మరదలు మొత్తుకునేది.

"ఎలక కొడుతుందమ్మా. నేను నిలబడతాను. ఎవరి పని వాళ్ళది" అనేవారాయన.

మరదలంటే బావగారి భార్యకి చెల్లెలు. ఆస్పత్రిలో రక్తపరీక్షల విభాగంలో ఉద్యోగం. పొద్దున్నే సూదులూ గొట్టాలూ ట్రేలో పెట్టుకుని వార్డు వార్డూ తిరగడం మొదలుపెడితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర. నిజానికి అది ఇద్దరు చేసే పని. రెండో మనిషి ఆర్నెల్ల కిందట మానేసింది. ఆ కుర్చీలో ఎవరినీ వెయ్యలేదు, కుర్చీని మాత్రం పక్క గదివాళ్ళు పట్టుకుపోయారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పి మంచం మీద కూలబడ్డా, మరదలి కాళ్ళు ఇంకా నడుస్తున్నట్టే ఉండేవి. అలాంటి మనిషికి రోజు మొత్తమ్మీద మిగిలిన సరదా మూడు నుంచి నాలుగు దాకా ఆడే ఆట ఒక్కటే. అందులో ఆమె విలుకత్తె. పాయింట్లన్నీ బలం మీదే. దొరకని నరాలు వెతికి వెతికి గుచ్చిన చెయ్యి కదా, గురి తప్పడమంటూ ఉండదు.

వాళ్ళ జట్టుకి నాయకుడు బావగారు. మూడో మనిషి మందుల షాపాయన. ఆటలో మంటలు కురిపించే మంత్రగాడు, బయట కౌంటరు వెనక స్టూలు మీద కూర్చునే మనిషి. ఎదురుగా కంప్యూటరు, చెవిలో మైకు. "ఇదిగో వేసేస్తున్నా, బూడిదే" అంటూనే, "ఒక్క నిమిషం, కస్టమరు" అని లేచిపోతాడు.

బావగారి ఉద్యోగం లిఫ్టులు బాగుచెయ్యడం. పొద్దుటి డ్యూటీ, ఒంటిగంటకి ఇంట్లో ఉంటారు. ఇంటి తలుపుకి రెండు తాళాలు. ప్యాంటుకి బెల్టు, బెల్టు మీద నమ్మకం చాలక పిన్నీసు. మబ్బు పడితే రెయిన్‌కోటు తొడుక్కుని, దాని మీద గొడుగు వేసుకుంటారు. లిఫ్టులో కొత్తవాళ్ళు కనిపిస్తే ధైర్యం చెప్పకుండా ఉండలేరు. "దీనికి అయిదు తాళ్ళున్నాయండీ. నాలుగు తెగినా అయిదోది మోస్తుంది, ఏం భయపడకండి" అంటారు. విన్నవాళ్ళు వచ్చే అంతస్తులో దిగిపోయి మెట్లెక్కుతారు.

మనుషుల్ని చూసినా ఆయనకి పాయింట్ల లెక్కే. "మా మేనేజరు ఉన్న పాయింట్లన్నీ నోటి మీద పెట్టేశాడమ్మా, పాపం." "మా ఇంటి ఓనరు అదృష్టం తప్ప ఇంకో గడి ముట్టుకోలేదు."

"మరి నేనో?" అంది అక్క ఒకసారి.

"నీది వేగం. నేను ఇంకా నోరు తెరవకముందే నీ జవాబు వచ్చేస్తుంది."

"తెరిచి మీరేం చెబుతారో తెలుసు కనక" అంది అక్క.

ఇక పోరు సంగతి. కోటకో రాక్షసుడు, ఎన్నిసార్లు చంపినా మర్నాటికి మళ్ళీ లేచి కూర్చుంటాడు. వాడి ఒంటినిండా పొలుసులు. ముందు విలుకత్తె బాణాలతో ఆ పొలుసులు రాల్చాలి. రాలిన చోటే మంత్రగాడి మంట అంటుకుంటుంది. ఇద్దరూ ఆపితే వాడికి ప్రాణం మళ్ళీ ఊరిపోతుంది. వాడు వీళ్ళ మీద పడకుండా, డాలు పట్టుకుని ముందు నిలబడి, తిట్టి రెచ్చగొట్టి తనవైపు తిప్పుకోవడం బావగారి వంతు. తిట్టమంటే ఆయనకి తిట్లు రావు. "ఇటండీ, ఇటు రండి సార్, వాళ్ళ జోలికెందుకు" అని మైకులో బతిమాలతారు. మధ్యలో ఎప్పుడో కత్తితో ఒకటి వేస్తారు. తొంభై వేల ప్రాణమున్న జంతువు మీద ఆ దెబ్బకి మూడు తగ్గుతుంది.

"తగిలింది! మూడు!" అని ఆయన కేక.

ఆ కేక వినగానే మరదలికి ఎక్కడలేని నీరసమూ వచ్చేది. ఒక్కో పోరు ముప్పావుగంట సాగేది మరి. తలగడకి ఆనుకుని ఆడుతుంటే మధ్యలో ఒక్క నిమిషం రెప్ప వాలేది, అది నిజమే, ఆమె కాదనదు. ఒక్క నిమిషమే. కళ్ళు తెరిచి చూస్తే రాక్షసుడు ఎక్కడివాడక్కడే ఉండేవాడు. బావగారు వాడి ముందు డాలు పట్టుకుని అలాగే నిలబడి ఉండేవారు.

"ఇంకా చావలేదా వీడు?"

"చస్తాడమ్మా, తొందరేముంది. అన్నట్టు నీ మైకు మళ్ళీ పోయింది. ఇందాకట్నుంచీ ఏం వినపడలేదు."

ఆ మైకు కోసం మరదలు అప్పటికి రెండు కొత్తవి కొంది. కొన్నదల్లా వారం తిరక్కుండా అలాగే పోయేది. ఆరు కోటలు ఇలాగే ఈడ్చుకుంటూ గెలిచారు.

ఏడో కోటతో వచ్చింది చిక్కు. దాని తలుపు అరగంటకి మూసుకుపోతుంది, లోపల ఎవరున్నా బయటికి నెట్టేస్తుంది. పైగా ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆ కోటనే ఆటలోంచి తీసేస్తున్నారు. రెండుసార్లు వెళ్ళారు, రెండుసార్లూ తలుపు మూసుకుంది. మరదలికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ ఏడాది మొదలుపెట్టింది ఏదీ పూర్తికాలేదు ఆమెకి. వంటింటి కుళాయి సగం బిగించి ఉంది. గోడకి రంగు కిటికీ దాకా వచ్చి ఆగింది. ప్రమోషన్ పరీక్షకి డబ్బు కట్టి, ఆ రోజు డ్యూటీ పడి, వెళ్ళలేకపోయింది. ఒక్క పని, కనీసం ఆటలోనైనా సరే, చివరిదాకా చేశాననిపించుకోవాలని ఆమె ఆశ.

అందుకే మూడు నెలలు గుహలు తవ్వి సంపాదించిన మాయరాయిని బావగారి చేతిలో పెట్టింది. అది వాడితే పెట్టిన పాయింట్లన్నీ తిరిగి చేతికొచ్చేస్తాయి, మళ్ళీ మొదట్నుంచి పంచుకోవచ్చు.

"బావగారూ, నామీద ఒట్టు. బలంలో పెట్టండి."

"పెడతానమ్మా. నువ్వింతగా అడిగాక పెట్టనా?"

రెండు గంటలు ఆలోచించారట. కాగితం మీద లెక్కలేసుకున్నారట. మర్నాడు మరదలు ఆత్రంగా చూసింది. ఓర్పు మూడు వందలు. బలం రెండు.

"ఒకటి పెంచాను చూశావా, నీ మాట తీసెయ్యలేక" అన్నారు బావగారు సంబరంగా. "ఓర్పు కూడా సరిగ్గా మూడు వందలకి కుదిరింది."

  ఆ రాత్రి మందుల షాపాయన మరదలికి విడిగా ఫోను చేశాడు. "మొహమాటపడితే లాభం లేదండీ. నా దగ్గరికి బీపీ మాత్రలకొచ్చే ఒకాయన ఉన్నాడు, ఆటలో గొడ్డలి మనిషి, బలం రెండొందల ఎనభై. ఆయన్ని తీసుకుందాం, తప్పుకోమని బావగారికి మర్యాదగా చెప్పేయండి. ఊరికే చెబితే నొచ్చుకుంటారు, ఆధారం చూపించి చెప్పండి."

ఆధారం ఆటలోనే ఉంది. ప్రతి పోరుకీ ఒక చిట్టా తయారవుతుంది. ఎవరు ఏ నిమిషంలో ఏం చేశారో అన్నీ అందులో పడతాయి. ఓడిపోయిన గురువారం పోరు చిట్టాని మరదలు ఆస్పత్రిలో ప్రింటు తీసింది. బస్సులో కూర్చుని బావగారి కత్తిదెబ్బలు ఎక్కడెక్కడున్నాయో చూసి, వాటికింద మాత్రం ఎర్రగీతలు గీసింది. మిగతాది చదివే ఓపిక లేదు. ఆదివారం మధ్యాహ్నం పక్క వీధిలో ఉన్న అక్క ఇంటికెళ్ళి, భోజనాలయ్యాక కాగితాలు బల్ల మీద పరిచింది.  మందుల షాపాయన ఫోను స్పీకరులో ఉండి "కానివ్వండి, కానివ్వండి" అంటున్నాడు.

"బావగారూ, ఏమనుకోకండి. అరగంటలో మీ దెబ్బలు పదకొండు. మొత్తం కలిపితే ముప్పై మూడు. ఇలాగైతే..."

అక్క వెనకనుంచి కాగితం మీదికి వంగింది. "గీత గియ్యని ఈ వరసేమిటే?"

"ఏది?"

"ఇదిగో. విలుకత్తె, మూడూ ఆరు నుంచి మూడూ ఇరవై ఏడు వరకు, కదలిక లేదు. విలుకత్తె నువ్వే కదూ?"

మరదలు కాగితం లాక్కుంది. ఇరవై ఒక్క నిమిషాలు. ఆమె ఒక్క నిమిషం అనుకున్నది అదే. కింది వరసలు చదువుతుంటే కళ్ళు చెదిరాయి. డాలు అడ్డం, విలుకత్తె కోసం. డాలు అడ్డం, విలుకత్తె కోసం. ఒక పేజీ, రెండు పేజీలు, మూడు పేజీలు అదే ముక్క. నడుమ ఇంకో వరస ఉంది: మూడూ ఏడు, జట్టునాయకుడు విలుకత్తె మైకు ఆపారు.

"మైకు మీరు ఆపారా?" అంది మరదలు.

బావగారు పిన్నీసు సర్దుకున్నారు. "అంటే... గురక వినపడుతుందమ్మా. షాపులో కస్టమర్లుంటారు. ఆడపిల్లవి, నలుగురిలో ఎందుకని..."

"నేను గురక పెట్టను!"

"పెడతావు" అంది అక్క. "పద్దెనిమిదేళ్ళు నీ పక్కమంచం మీద పడుకున్నాను, నాకా చెబుతావు?"

"నేను రెండు మైకులు కొన్నాను బావగారూ!"

"వద్దని ఎలా చెప్పనమ్మా? చెబితే నిద్ర సంగతి చెప్పాలి. చెబితే నువ్వు మర్నాటినుంచి కళ్ళలో నీళ్ళు కొట్టుకుని కూర్చుంటావు."

"మరి లేపొచ్చు కదా? కోట పోయింది కదా?"

"లేపుదామనే పిలవబోయాను. ఆ గురక మామూలు అలసటకి వచ్చేది కాదు. మనసొప్పలేదు. కోటదేముంది, ఆదివారం దాకా ఉంటుందిగా అనుకున్నాను."

స్పీకరులోంచి మందుల షాపాయన గొంతు సవరించుకున్నాడు. "అదే మరి, విలుకత్తె నిద్రపోతే పొలుసులెవరు రాలుస్తారు, నేనొక్కణ్ణీ ఎంతని..."

అక్క ఇంకో పేజీ తిప్పింది. "మంత్రగాడు, కదలిక లేదు. మంత్రగాడు, కదలిక లేదు. పంతొమ్మిది సార్లుందండీ మీది. డాలు అడ్డం, మంత్రగాడి కోసం."

 "ఆ రోజు దగ్గుమందుకి జనం ఎక్కువొచ్చారండీ" అన్నాడాయన ఫోనులోంచి.

బావగారు నొచ్చుకున్నట్టు కనపడలేదు. కాగితాలు నీటుగా సర్ది మరదలి చేతిలో పెట్టారు. "ఒకళ్ళకి కస్టమరొస్తాడు, ఒకళ్ళకి నిద్రొస్తుంది. రావద్దంటే ఆగుతాయా? ఎవరో ఒకళ్ళం నిలబడాలి కదమ్మా. నాకు పెద్ద తెలివీ లేదు, వేగమూ లేదు. నిలబడటమైతే వచ్చు. అయినా ఇవాళ ఆ గొడ్డలాయన్ని పిలుచుకోండి. నేనేమీ అనుకోను."

మరదలికి సిగ్గేసింది. తోటి మనిషి మానేశాక ఈ ఆర్నెల్లలో "నువ్వు కాస్త పడుకో, నేను చూసుకుంటా" అన్నవాళ్ళు ఒక్కరూ లేరని రోజూ లోలోపల ఏడ్చుకునేది. అనకుండానే చేసిన మనిషిని బలం లేదని రోజూ తిట్టింది. బయటికి మాత్రం విసుక్కుంది. "గొడ్డలీ లేదు, గునపమూ లేదు. నాలుగింటికి వెళ్తున్నాం. మందుల షాపాయనా, మీరు షట్టరు సగం దించండి."

ఇంటికెళ్ళి, మంచం మీద కాకుండా చెక్కకుర్చీలో కూర్చుని ఆడిందామె. షట్టరు నిజంగానే సగం దిగింది. బావగారు ముందు నిలబడి "ఇటండీ సార్, ఇటు" అంటూ బతిమాలారు. పొలుసులు రాలాయి, మంట అంటుకుంది. పదమూడో నిమిషానికల్లా తొంభై వేల ప్రాణంలో నాలుగు మిగిలాయి.

"ఆగండి" అంది మరదలు. "బావగారూ, మీరు కానివ్వండి."

"నేనా? ఎందుకమ్మా, వద్దమ్మా" అంటూ ఆయన నసుగుతుండగానే రాక్షసుడికి ప్రాణం ఊరి నలభై దాటింది. మళ్ళీ బాణాలు వేసి దించారు. ఈసారి బావగారు గురి చూసి, చూసి, గాల్లో కొట్టారు. మళ్ళీ ఊరింది. మందుల షాపాయన తల పట్టుకున్నాడు, షట్టరు కింద నుంచి ఎవరో పిలుస్తున్నారు. మూడోసారి అయిదు మిగిలినప్పుడు మరదలు అరిచింది. "ఇప్పుడు!"

"తగిలింది!" అన్నారు బావగారు. ఒక్క క్షణం ఆగి, నమ్మలేనట్టుగా, "ఆరు!" అన్నారు.

రాక్షసుడు కూలిపోయాడు. తెర మీద మరదలి పేరు కింద 'ఏడు కోటలూ పూర్తి' అని పడింది. ఆ పూర్తి అన్న మాటని ఆమె చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్ళి వంటింటి కుళాయి బిగించింది.

సోమవారం యథాప్రకారం రెండున్నరకి ఇల్లు చేరింది. ఆ రోజు రెండు వార్డులు అదనం, కాళ్ళు కాళ్ళలా లేవు. మూడింటికి తలగడ సర్దుకుని, దుప్పటి కప్పుకుని, ఆట తెరిచింది.

"ఇవాళ ఎవరిని కొడదామమ్మా?" అన్నారు బావగారు.

"ఎవరైనా సరే బావగారూ. కాస్త నిదానంగా చచ్చేవాణ్ణి చూడండి."

"చూసే ఉంచాను. రెండో కోటలో లక్షా ఇరవై వేల ప్రాణమున్నవాడొకడున్నాడు, మంచివాడు" అన్నారాయన. "ఉండు, నీ మైకు పాడుచేసి వస్తాను."