గ్రూపులో పడ్డ వాయిస్ మెసేజ్

2023 వానాకాలంలో నేను మహబూబాబాద్ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. నా కింద ఇరవై మందికి పైగా ఆశా కార్యకర్తలు, ఎక్కువగా తండాల వాళ్ళు. వాళ్ళతో మాట్లాడటానికి వాట్సాప్‌లో గ్రూప్ పెట్టాలా, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టాలా అన్నది తేల్చాల్సింది నేనే. లిస్ట్‌లో నా మాట అందరికీ విడివిడిగా చేరుతుంది, జవాబు నాకొక్కదానికే వస్తుంది. గ్రూపులో అందరి మాటా అందరూ వింటారు. ఒకే ప్రశ్నకు ఇరవైసార్లు జవాబు చెప్పే ఓపిక నాకెక్కడిది? గ్రూపే పెట్టాను.

ఒక పొద్దున టీకాల రిజిస్టర్ రాస్తుంటే ఆశా కార్యకర్త కమల వాయిస్ మెసేజ్ వచ్చింది. టైపు చేయడం రాని వాళ్ళు నోటితోనే పంపేవారు.

"సిస్టర్, మా తండ సునీతకు తెమడ పరీక్షల టీబీ అని అచ్చింది. మందులు ఎప్పుడిస్తరు?"

నాకనుకొని గ్రూపులో పెట్టేసింది.

సునీత ఆడబిడ్డ లలిత పక్క తండా ఆశా, ఆమె కూడా ఆ గ్రూపులోనే ఉంది. సునీతకు మూడు నెలల బిడ్డ. "మా అత్తకు తెలిస్తే పిల్లను నా దగ్గర ఉండనియ్యదు సిస్టర్. నేనే మెల్లగ చెప్త, జర ఆగుండ్రి" అని ముందురోజే నా చేతులు పట్టుకుంది. ఆ సంగతి కమలకు చెప్పడం మరిచాను.

అడ్మిన్‌ని కాబట్టి మెసేజ్ తీసేశాను. కానీ ఎవరెవరు విన్నారో పంపిన ఫోన్‌లోనే తెలుస్తుంది, కమల ఫోనేమో కలవడం లేదు. లలితకు చేద్దామంటే భయం. ఆమె వినకపోయి ఉంటే నేనే చెప్పినట్టవుతుంది. సునీత ఇంటికి ఆటో ఎక్కాను.

వెళ్ళేసరికి సునీత వాకిట్లో ఒక్కతే కూర్చుని ఉంది. పాలతో రవిక తడిసిపోయింది. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. గుమ్మానికి అడ్డంగా అత్త నిలబడింది.

"మా లలిత ఫోన్ల అంత చెప్పింది. దగ్గేటి దాని పాలు పట్టియ్యాల్నా? పిల్లకేమన్నయితే ఎట్ల?"

ఆమెదీ భయమే. మాస్కు కట్టుకొని తల్లి పాలివ్వొచ్చని, బిడ్డకు రాకుండా మందు ఇస్తామని డాక్టరుగారితో ఫోన్‌లో చెప్పించాను. గంటసేపు బతిమాలితే బిడ్డను ఇచ్చింది. సునీత నా వైపు చూడకుండా అంది:

"కమలక్కను ఏమనకుండ్రి సిస్టర్. నేను చెప్పింది మీకు గద."

ఆ రోజే గ్రూపు మూసేశాను. నా పని తేలిక చేసుకునే ముందు, దానివల్ల ఎవరి బతుకు బజారున పడుతుందో చూసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను.

సునీత ఆరు నెలల మందు పూర్తిగా వాడింది, నయమైంది. కానీ ఇప్పటికీ బిడ్డకు జ్వరమొస్తే మా దగ్గరికి రాదు, బస్సెక్కి జనగామ పోతుంది.