సీసా ఎత్తి తాగినందుకు

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే వైటూకే పని మీద సిడ్నీ వచ్చిన ఏడాది, ఆఫీసులో నేను రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. మిగతావన్నీ డైరీలోకి వెళ్ళేవి. అలాంటి నా మీద, తోటివాళ్ళని హీనంగా చూస్తున్నానని ఫిర్యాదు వెళ్ళింది.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మా టీమ్ అంతా పార్కులో బార్బీ, అంటే బార్బెక్యూ, పెట్టుకున్నాం. గ్లాసులు తేవడం మరిచిపోయారు. ఒకే నీళ్ళ సీసా చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. మూతికి ఆనించకుండా ఎత్తి పోసుకున్నాను. నా తర్వాత తాగేవాళ్ళకి నా ఎంగిలి కాకూడదని. ఇంట్లో అలాగే నేర్పారు.

పక్కనే కూర్చున్న టెస్టర్, ఇక్కడే పుట్టి పెరిగిన తెల్లమ్మాయి, నవ్వుతూనే అంది: "మేం తాగిన సీసా నీకు మైలా? మీ పెద్ద కులాలవాళ్ళు ఇలాగే చేస్తారని యూనివర్సిటీలో చదివాను. అక్కడి దర్జా ఇక్కడ చూపిస్తే ఎలా?"

అందరూ నావైపు చూశారు. నేను సీసా పక్కవాళ్ళకి అందించాను.

సోమవారం మేనేజర్ పిలిచి, ఆ టెస్టర్ ఫిర్యాదు చేసిందని, మర్నాటి మీటింగులో ఆమెకి సారీ చెప్పమన్నాడు. నా వీసా ఆయన సంతకం మీదే నడుస్తోంది. సిడ్నీ శివారు గిరావీన్‌లో నా గదిలో ఉండే గుంటూరు అమ్మాయి తల పట్టుకుంది.

"ఒక్క సారీ పడేస్తే పోలా? నీ సొమ్మేం పోయిందే?"

"తప్పు చేస్తే పడేద్దును."

"అబ్బో! విమానం ఎక్కించి పంపిస్తే అప్పుడు చూపించు ఆ రోషం."

మా నాయనమ్మ కూలికి వెళ్ళేది. దాహమేస్తే ఆసాముల పెరట్లో దోసిలి పట్టి వంగేది. ఆ ఇంటావిడ పైనుంచి పోసేది, చెంబు తగలకుండా. ఎంగిలి పేరు చెప్పి మనుషుల్ని ఎంత దూరం నిలబెట్టొచ్చో మేం యూనివర్సిటీలో నేర్చుకోలేదు. మా అమ్మ ఆ అలవాటులోంచి అవమానాన్ని తీసేసి, పక్కవాళ్ళ మీద గౌరవం ఒక్కటే మిగిల్చి మాకు నేర్పింది. అడిగితే ఇదంతా చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

మీటింగులో నా వంతు వచ్చింది. లేచాను. టెస్టర్ వైపు తిరిగాను.

"నేను సారీ చెప్పను. నువ్వు చదివిన పుస్తకంలో దోసిలి పట్టినవాళ్ళున్నారే, వాళ్ళ మనవరాలిని నేను. నువ్వన్న దర్జా మా గడప తొక్కనే లేదు."

ఆమె ముఖం ఎర్రబడింది. "అది నాకెలా తెలుస్తుంది?"

"తెలియనప్పుడు అడగాలి. నువ్వు ఫిర్యాదు చేశావు."

మేనేజర్ కాగితాలు సర్దుకుంటూ, "సరే, సరే. ఇక్కడితో వదిలేద్దాం. అందరూ పనికి వెళ్ళండి," అన్నాడు.

"నా మాట ఇంకా అవలేదు," అన్నాను. లేవబోయినవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. మా నాయనమ్మ గురించి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.