అత్తయ్య పుట్టిన బస్సు

మా అత్తయ్య, అంటే మా నాన్నకు అక్క, బస్సులో పుట్టింది. మా వీధిలో ఎవరినైనా అడిగి చూడండి, బస్సులో పుట్టింది మా నాన్న అంటారు. బడికెళ్లే రోజుల నుంచీ ఆయన అలా చెప్పుకుంటున్నాడు మరి. అక్క విడిచిన స్వెట్టర్లు, అక్క చదివేసిన పుస్తకాలు వాడుకున్నట్టే అక్క పుట్టుకనూ వాడేసుకున్నాడు. తోటిపిల్లలు గొప్పలు పోతుంటే తనకూ ఒక గొప్ప కావలసి వచ్చిందట. "పోనీలే, చిన్నవాడు" అని అత్తయ్య వదిలేసింది. ఆ చిన్నవాడికి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు.

నాన్నది కుర్చీలు, మైకులు అద్దెకిచ్చే దుకాణం. మైకు అద్దెకు తీసుకుంటే వెంట ఆయన ఉచితం, వద్దన్నా సరే. ఆ పక్క గదిలోనే అత్తయ్య కుట్టుమిషను. మా వీధి ప్రసూతి ఆస్పత్రిలో కాన్పు బల్ల విరిగిపోయింది. కొత్తది కొనడానికి చందాలు ఎలా పోగెయ్యాలా అని అందరూ తల పట్టుకుంటే నాన్న ఉపాయం చెప్పాడు: ఎవరు ఎలా పుట్టారో వేదికెక్కి చెబుతారు, జనం టికెట్టు కొని వింటారు.

ఉపాయం ఆయనది, తిరుగుడు అత్తయ్యది. కొలతలు తీసుకుంటూ ఆడవాళ్లను అడిగేది, ఫోనులో రికార్డు చేసి తెచ్చేది. నాన్న వాటిని సవరించేవాడు. సవరించడమంటే వాన కురిపించడం. పట్టపగలు, ఏ గొడవా లేకుండా పుట్టిన బ్యాంకు గుమాస్తా ఒకాయన వచ్చి, "అన్నా, నాకు కనీసం కరెంటైనా తీసెయ్యవా?" అని బతిమాలాడు.

"తీసేస్తాలే. వరద కూడా పెట్టేవాణ్ణే, పై ఇంటి లెక్కల మాస్టారికి ఇచ్చేశాను" అన్నాడు నాన్న.

అత్తయ్య కథ మాత్రం జాబితాలో లేదు. ఒకే ఇంట్లో రెండు బస్సులు ఎబ్బెట్టుగా ఉంటాయని నాన్న వాదన. "నువ్వు ఆస్పత్రిలో పుట్టానని చెప్పెయ్యరాదూ అక్కా? ఎవరికి తెలుసు?" అన్నాడు, పైగా.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు కోపం రాదా అత్తయ్యా?" అని నిలదీశాను.

ఆమె నోట్లోని గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. "వాడు చెప్పుకుంటే చెప్పుకోనీవే. ఆ రోజు సంగతి అమ్మ నోట ఒక్కసారి వింటే చాలు నాకు. ఎప్పుడడిగినా 'ఇప్పుడవన్నీ ఎందుకే, తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడు' అంటుంది. అమ్మ పోతే ఇంక నాకెవరు చెబుతారు?"

కథల రోజు బడి హాలు నిండిపోయింది. అత్తయ్య తలుపు దగ్గర టికెట్లు చింపుతూ కూర్చుంది. నాన్న చివర్న వేదికెక్కి బస్సు కథ ఎత్తుకున్నాడు. ఈసారి గాలివానలో చెట్టు విరిగి రోడ్డుకు అడ్డం పడింది, నాయనమ్మ స్పృహ తప్పింది, డ్రైవరే పురుడు పోశాడు. చప్పట్లు మోగాయి. ఆ ఊపులో కిందికి దిగి, ముందు వరసలో ఉన్న నాయనమ్మకు మైకు అందించి, "నువ్వే చెప్పమ్మా" అన్నాడు. ఎప్పట్లాగే తలూపుతుందనుకున్నాడు పాపం.

"నేనెప్పుడు స్పృహ తప్పానురా?" అంది నాయనమ్మ. "ఇందాకటి నుంచీ వింటున్నాను. నొప్పులు పడింది మేము, గొప్పలు మీవీనా? బస్సులో పుట్టింది నువ్వు కాదు, మీ అక్క."

నాన్న గబుక్కున మైకు లాక్కున్నాడు. "పెద్దదైపోయిందండీ, మతిమరుపు!" జనం గొల్లున నవ్వారు.

తన పుట్టుకను లాగేసుకుంటే ఊరుకున్న మనిషి, తల్లిని వెర్రిదాన్ని చేస్తే ఊరుకోలేకపోయింది. టికెట్లు అక్కడే వదిలేసి నడిచొచ్చి తమ్ముడి చేతిలోంచి మైకు తీసుకుంది.

"అమ్మకు మతి బాగానే ఉంది. వీడు ఆస్పత్రిలో, ఫ్యాను కింద, సుఖంగా పుట్టాడు. వరండాలో కూర్చున్నాను, నాకు తెలుసు. పుట్టగానే ఏడవలేదు. నర్సు వీపు మీద చరిస్తే గానీ నోరు తెరవలేదు. తెరిచాక ఇంతవరకూ మూయలేదు."

హాలు దద్దరిల్లింది. నాన్న తన అద్దె కుర్చీల్లోనే ఒకదానిలో కూలబడ్డాడు. నాకు జాలి వెయ్యలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

నాయనమ్మ అత్తయ్య చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మైకు ఇద్దరి మధ్యా ఉన్న సంగతి మరిచిపోయారు.

"వానా లేదు, గీనా లేదే. మండుటెండ. ఆడవాళ్లు నా దగ్గర ఉండిపోయారు. మిగతా బస్సంతా దిగి రోడ్డు మీద నిలబడింది, నీకోసం. ఒక్కరూ విసుక్కోలేదు. నీ ఏడుపు వినబడ్డాకే ఎక్కారు. దిగేదాకా నిన్ను ఒకరి ఒళ్లోంచి ఒకరు తీసుకుంటూనే ఉన్నారు, నా చేతికి ఇవ్వనేలేదు." అత్తయ్య ముఖంలోకి చూసింది. "నీకిదంతా చెప్పనేలేదు కదూ? నువ్వూ ఎప్పుడూ అడగలేదు."

"అడిగానమ్మా" అంది అత్తయ్య.

ఆ మాట హాల్లో అందరికీ వినబడింది.